ఇది గుణదల కాదమ్మా

మొన్న మన అసోసియేషన్ బస్సు యాత్రలో విన్న ఆ మాట నన్నింకా వదల్లేదు. కూతుర్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పుణ్యక్షేత్రం గేటు దగ్గర చెప్పులు విడిచి, మరియమాత గుహ దాకా నడిచే వస్తానన్నారు. "ఇది గుణదల కాదమ్మా, ఎక్కండి, లేటవుతోంది" అన్నారు కమిటీవాళ్ళు. ఆవిడ మారు మాట్లాడకుండా ఎక్కేశారు. పక్క సీట్లో ఉన్న నేనూ నోరు విప్పలేదు.

చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గితే తలనీలాలు ఇప్పిస్తానని మా అమ్మ విజయవాడ గుణదల కొండ మీది మరియమాతకి మొక్కుకుంది. ఫిబ్రవరి తిరునాళ్లలో గుండు చేయించి, మెట్టుకొక మంగళవార్త జపం (మరియమాతకి చెప్పే చిన్న ప్రార్థన) చెప్పిస్తూ కొండెక్కించింది. పైన ఏం ప్రార్థించానో గుర్తులేదు. గుండు మీద అమ్మ కప్పిన తడి చెంగు మాత్రం గుర్తుంది.

ఇదంతా చదువురాని వాళ్ళ భక్తి అనుకునేవాళ్ళు పునీత ఇగ్నేషియస్ లొయోలా గారిని తలుచుకోవాలి. విజయవాడ లొయోలా కాలేజీ ఆయన పేరు మీదే. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా పోరులో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సిపాయి ఆయన. మరుసటి ఏడు మోంత్సెరాత్ అనే పుణ్యక్షేత్రంలో మంచి బట్టలు బిచ్చగాడికిచ్చి, గోనెగుడ్డ కట్టుకుని, మాత సన్నిధిలో రాత్రంతా జాగారం చేసి, కత్తి అక్కడే వదిలేశారు. 1523లో యెరూషలేము చేరి, అక్కడే ఉండిపోతానంటే ఫ్రాన్సిస్కన్ మఠం పెద్దలు ఒప్పుకోలేదు. వెళ్ళిపోయే ముందు ఎవరికీ చెప్పకుండా ఒలీవ కొండకి వెళ్ళి, కాపలావాళ్ళకి చిన్న చాకు ఇచ్చి, మోక్షారోహణ వేళ ప్రభువు పాదముద్రలు పడ్డాయని చెప్పే రాయిని చూశారు. కొంతదూరం పోయాక, కుడి పాదం ఎటు తిరిగి ఉందో సరిగ్గా చూడలేదే అనిపించింది. వెనక్కొచ్చి, ఈసారి కత్తెర ఇచ్చి మళ్ళీ చూశారు. అంత పిచ్చి ప్రేమ! తర్వాత ఎన్నో ఏళ్ళకి, రోములో తను మొదలుపెట్టిన యేసుసభ (జెస్యూట్ గురువుల సభ) పెద్దగా ఒకచోటే ఉండిపోయిన రోజుల్లో తన కథ చెబుతూ కూడా ఆయన తనని "యాత్రికుడు" అనే పిలుచుకున్నారు. కాళ్ళతో మొదలైన యాత్ర ఆయనలో ఆగలేదు.

బస్సుకి గంటల లెక్కన అద్దె, నిజమే. పెద్దవాళ్ళు జారిపడతారన్న కమిటీవాళ్ళ టెన్షన్ కూడా నాకు తెలుసు. కానీ గ్రూప్ ఫోటోకి నలభై నిమిషాలు దొరికాయి కదా! వచ్చే ఏడు దయచేసి బస్సు గేటు దగ్గరే ఆపించండి. నడవలేనివాళ్ళని పైన దింపి రండి, మిగతావాళ్ళం జపమాల చెప్పుకుంటూ నడిచొస్తాం.

ఆ పెద్దావిడ వచ్చే నెల ఊరెళ్ళిపోతున్నారు. ఈలోగా ఒక శనివారం నేను ఆవిడని తీసుకెళ్తున్నాను. కారులో ఇంకా రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి.