బీపీ మాత్ర మానేస్తే కొవ్వు కరుగుతుందా?

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్ల ఫోన్లలో ఈ వారమంతా ఒకటే మెసేజ్: "అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడితే కొవ్వు అసలు కరగదు. నడక దండగ. మాత్ర ఆపితే నెలలో పది కిలోలు తగ్గుతారు." నిన్న ఒక పెద్దాయన సగం వాడిన స్ట్రిప్పు మా మెడికల్ షాపు కౌంటర్ మీద పెట్టి, "ఇది వెనక్కి తీసుకుంటావాప్పా?" అన్నారు. రెండు రోజులుగా వేసుకోలేదట.

ముందు "కొవ్వు అసలు కరగదు" సంగతి. ఇందులో కొంత నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. అడ్రినలిన్ హార్మోన్ కొవ్వు కణం మీది బీటా గ్రాహకాన్ని (హార్మోన్ కబురు అందుకునే చోటు) తాకితే, లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే రసాయనం పెరిగి ఎంజైములు కొవ్వును విడగొడతాయి. కొవ్వు ఆమ్లాలు, గ్లిజరాల్ రక్తంలోకి వస్తాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్ బీటా బ్లాకర్ రకం మందులు. బీటా బ్లాకర్ ఆ గ్రాహకం దగ్గరే అడ్డంగా కూర్చుంటుంది. దాంతో జోరు తగ్గుతుంది, అంతేగాని పని ఆగిపోదు. తిండికీ తిండికీ మధ్య ఇన్సులిన్ తగ్గినప్పుడూ కొవ్వు కరుగుతుంది. వ్యాయామంలో గుండె వదిలే ఏఎన్‌పీ హార్మోన్ కూడా కొవ్వును కరిగిస్తుంది, దానికి బీటా గ్రాహకంతో పనే లేదు.

పది కిలోలన్నది ఎక్కడి లెక్కో! 2001లో పాత ట్రయల్స్‌ను కలిపి చూస్తే, ఈ మందులు వాడినవాళ్ల బరువు, వాడనివాళ్లకన్నా సుమారు 1.2 కిలోలు ఎక్కువని తేలింది. అదీ చాలావరకు మొదటి నెలల్లోనే. నడక అయ్యాక రోజూ ఉగ్గాని, నాలుగు బజ్జీలు తినేవాళ్లు ఆ కిలోను మాత్ర ఖాతాలో రాయడం అన్యాయం.

"నడక దండగ" అన్నది చేతి వాచీ చూసి పుట్టిన మాట. ఈ మాత్ర వేసుకుంటే నాడి పెద్దగా పెరగదు. వాచీ 'ఫ్యాట్ బర్న్' చూపించదు. కానీ ఒళ్లు మోసుకుని నాలుగు రౌండ్లు తిరిగింది కాళ్లే కదా! కొందరికి త్వరగా అలసట రావడం మాత్రం నిజం. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడిస్తే సరిపోతుంది.

అసలు ప్రమాదం మెసేజ్ చివరి ముక్కలో, మాత్ర ఆపమనడంలో ఉంది. ఇన్నాళ్లూ అణిగి ఉన్న గ్రాహకాలు మాత్ర హఠాత్తుగా ఆపితే ఒక్కసారిగా రెచ్చిపోతాయి. గుండె దడ, ఛాతీ నొప్పి, కొందరికి గుండెపోటు కూడా రావచ్చు. అమెరికాలో ఈ రెండు మందుల లేబుల్‌లోనూ ఈ హెచ్చరిక ఉంటుంది. మానాల్సి వస్తే డాక్టరే డోసు మెల్లగా తగ్గిస్తారు. బరువే బెంగైతే ఇదే రకంలోని కార్వెడిలాల్, నెబివొలాల్ లాంటివి తమకు పనికొస్తాయేమో ఆయన్నే అడగవచ్చు.

పెద్దాయన చేత షాపులోంచే డాక్టరుకు ఫోన్ చేయించాను. స్ట్రిప్పు మళ్లీ జేబులోకి వెళ్లింది.