లింగ్విస్టిక్స్, సైకాలజీ కలిపి చదవడం రెండు పడవల ప్రయాణమా?

యూనివర్సిటీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, ఒక సందేశం ఫోన్ల మధ్య తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "లింగ్విస్టిక్స్, సైకాలజీ కలిపి చదవడం రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే. ఒకటి వ్యాకరణం, ఇంకొకటి మనసు, రెండింటికీ పొంతన లేదు. నాలుగు భాషలు వస్తే మొదటిది గట్టెక్కేయొచ్చు, రెండోదానిలో లెక్కలుండవు. భాష సంగతి ఇప్పుడు కంప్యూటర్లే చూసుకుంటున్నాయి. చదివాక ఉద్యోగం రాదు." నేను ఈ రెండూ, అంటే భాష ఎలా పనిచేస్తుందో చూసే లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం), మనసు ఎలా పనిచేస్తుందో చూసే సైకాలజీ, కలిపి చదివినదాన్ని. ఈ మాటలు నమ్మి, ఎంతో ఇష్టంగా పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకున్న పిల్లలు నాకు తెలుసు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు "పొంతన లేదు" అన్న మాట. మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కోట, కోత. పాట, పాత. పూట, పూత. ఈ జంటల్లో తేడా మన చెవికి ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరిగిన పెద్దవాళ్ళకు దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. నాలుక మడిచి పలికే ట, పళ్ళకు ఆనించి పలికే త ఆ భాషలో మాటల అర్థాన్ని మార్చవు. మరి ఆ తేడా వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలియదా, లేక పెరుగుతూ పోగొట్టుకున్నారా? సైకాలజిస్టులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీన్నే అడిగింది. ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని ట, త ధ్వనులు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా గుర్తుపట్టారు. 10 నుంచి 12 నెలల పిల్లల్లో గుర్తుపట్టినవాళ్ళు చాలా తక్కువ. హిందీ వింటూ పెరుగుతున్న పిల్లలు మాత్రం ఏడాది వయసులోనూ చక్కగా గుర్తుపట్టారు. మొదటి పుట్టినరోజు నాటికే చెవి ఇంటి భాషకు అలవాటుపడిపోతోందన్నమాట.

మాటలే రాని బిడ్డను "నీకు తేడా వినిపించిందా?" అని ఎలా అడుగుతారు? ధ్వని మారినప్పుడు పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి, లోపలి బొమ్మ ఆడుతుంది. కొన్నిసార్లు చూశాక, ధ్వని మారిందని వినిపించగానే బిడ్డ బొమ్మ కోసం ముందే తల తిప్పుతుంది. ఈ ఉపాయం సైకాలజీది. ఏ రెండు ధ్వనులు వినిపించాలి, ఏ భాషలో ఆ తేడాకు విలువ ఉంది, ఏ భాషలో లేదు అని చెప్పింది లింగ్విస్టిక్స్. ఒకటి తీసేస్తే అసలు ప్రయోగమే లేదు. మొదటి ఏడాది తరగతిలో ఇది విన్న రోజున, నా నోట్లో ఎప్పుడూ ఉన్న ట, త నాకే కొత్తగా వినిపించాయి.

ఈ బంధుత్వం నిన్నమొన్నటిదీ కాదు. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూసిన ఒక రోగి "టాన్" అనే మాట తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. 1879లో లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల పెట్టిన విల్‌హెల్మ్ వుంట్ భాష గురించి కూడా విస్తారంగా రాశాడు. 1957లో సైకాలజిస్టు స్కినర్, మాట్లాడటం కూడా మిగతా అలవాట్లలాగే ప్రోత్సాహం వల్ల వస్తుందన్నాడు. 1959లో భాషావేత్త చామ్‌స్కీ, భాష రావడానికి అదొక్కటే చాలదంటూ దాన్ని తీవ్రంగా విమర్శించాడు. పొంతన లేనివాళ్ళ మధ్య అంత వాదన ఎందుకు జరుగుతుంది? ఆ వాదనలో చామ్‌స్కీదే పూర్తి గెలుపని కూడా నేను అనను. 1996లో సాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అనే పరిశోధకులు 8 నెలల పిల్లలకు అర్థంలేని అక్షరాల వరుసను ఎక్కడా ఆపకుండా 2 నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తోందన్న ఆధారంతోనే పిల్లలు "మాటల" హద్దులు పట్టుకున్నారు. వినడం వల్ల నేర్చుకునేది మనం అనుకున్నదానికంటే ఎక్కువే. రెండు వైపుల పుస్తకాలూ చదివితేనే ఈ వాదనలో ఎవరి బలం ఎంతో తెలుస్తుంది.

ఇక "భాషలు వస్తే చాలు, లెక్కలుండవు" అన్నది. పది భాషలు మాట్లాడగలగడం గొప్ప విషయమే, కానీ లింగ్విస్టిక్స్ పని వేరు. పిల్లవాడు "ఇళ్ళు" అనకుండా "ఇల్లులు" అన్నాడనుకోండి. పెద్దవాళ్ళ దగ్గర ఆ మాట విని ఉండడు. నియమం ఒకటి తనే పట్టుకుని దానికి తగిలించాడు. ఆ నియమం ఏమిటో తేల్చడం ఈ శాస్త్రం పని. 1958లో జీన్ బెర్కో పిల్లలకు ఒక కల్పిత జంతువు బొమ్మ చూపించి, దానికి ఎవరూ ఎన్నడూ వినని పేరు పెట్టి, అలాంటివి రెండుంటే ఏమంటారని అడిగింది. పిల్లల్లో చాలామంది సరైన బహువచనమే చెప్పారు. సైకాలజీలో లెక్కలుండవని నమ్మి చేరితే మాత్రం మొదటి ఏడాదే దెబ్బతింటారు. స్టాటిస్టిక్స్ తప్పదు. ఆ పేపర్ అంటే నాకూ చాలా టెన్షన్ ఉండేది. రెండోసారి రాసి పాసయ్యాను. ఇది తేలిక చదువని చెప్పి పిల్లల్ని చేర్పించడం కూడా అన్యాయమే.

కంప్యూటర్ల సంగతి. వాటికి భాష నేర్పడానికి ఒక మనిషి జీవితమంతా విన్నా తరగనంత పాఠం కావాలి. నాలుగేళ్ళ బిడ్డ అందులో చాలా చిన్న భాగం విని ధారాళంగా మాట్లాడుతుంది. అదెలా సాధ్యమన్న ప్రశ్న ఇప్పుడు ఇంకా పెద్దదైంది.

చివరిగా ఉద్యోగం. ఇందులో కొంత నిజం ఉంది. ఈ ఒక్క డిగ్రీతో ఎవరూ స్పీచ్ థెరపిస్టు గానీ, క్లినికల్ సైకాలజిస్టు గానీ అయిపోరు. దాని పైన వృత్తి శిక్షణ కావాలి. కానీ ఉద్యోగమే రాదనడం తప్పు. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు, చదవడంలో ఇబ్బందిపడే పిల్లలకు సాయం చేసే పనులకు ఈ రెండూ కలిసిన పునాది సరిగ్గా సరిపోతుంది. సర్వేలో, విచారణలో ప్రశ్నలు రాసే పనీ అంతే. 1974లో లోఫ్టస్, పామర్ అనే పరిశోధకులు కొందరికి కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం అడిగారు. "బలంగా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే సగటు జవాబు గంటకు 40 మైళ్ళు దాటింది. "తగిలినప్పుడు" అంటే 32 మైళ్ళ లోపే ఉంది. మార్చింది ఒక్క క్రియ. సాక్షిని ప్రశ్నించే చోట ఇది తెలిసిన మనిషి ఉండాలా, వద్దా?

చేరబోయేవాళ్ళు ఆ సందేశాన్ని పక్కనపెట్టి కాలేజీని మూడు సంగతులు అడగండి. సైకాలజీ పేపర్లు సగమే చదివినా, తర్వాత వృత్తి శిక్షణకు ఆ డిగ్రీ చెల్లుతుందా? ఇది దేశాన్ని బట్టి, కోర్సును బట్టి మారుతుంది కాబట్టి లిఖితపూర్వకంగా తీసుకోండి. రెండు శాఖలూ కలిసి చెప్పే పేపర్ ఒకటైనా ఉందా? చివరి ఏడాది ప్రాజెక్టుకు రెండు శాఖల నుంచీ గైడ్లను ఇస్తారా? మా రోజుల్లో ఈ మూడోది లేదు. ఒక భవనంలో చెప్పింది ఇంకో భవనంలో మళ్ళీ మొదటి నుంచి వివరించుకుంటూ ఏడాదంతా తిరిగాను.