ఆ పిల్లల పేర్లు కూడా రాయండి

గత ఆదివారం చెన్నై విల్లివాక్కంలో మా బంధువు ఒకాయన పెద్దకర్మకు వెళ్లాను. విస్తళ్ల ముందు కూర్చున్నాక ఒక పెద్దాయన అన్నారు: "మహానుభావుడు. రెండిళ్లనూ సమానంగా చూసుకున్నాడు. ఎవరికీ లోటు చేయలేదు." పక్కవాళ్లు తలలూపారు. "మన వడపళని మురుగన్ స్వామికే ఇద్దరు భార్యలు కదా" అని ఇంకొకరు అందుకున్నారు. నాకు ముద్ద దిగలేదు. ఆ రెండో ఇంటి పిల్లలిద్దరూ అక్కడ లేరు. వాళ్లను ఎవరూ పిలవలేదు.

నేనూ అలాంటి కుటుంబంలోనే పుట్టాను, పెద్ద భార్య పిల్లను. పెరంబూరులో పెరిగాను. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. వ్యాసర్పాడిలో ఆయనకు ఇంకో సంసారం ఉందని నాకు తొమ్మిదో ఏట తెలిసింది. ఒకటో తారీఖు రాత్రి మా ఇంట్లో గొడవ తప్పేది కాదు. రెండో తారీఖు ఉదయం నాకు కడుపునొప్పి. అమ్మ నన్ను ఎందరు డాక్టర్ల దగ్గరికి తిప్పిందో లెక్కలేదు. నులిపురుగుల మందు ఇచ్చారు, టానిక్కులు రాశారు, రోగం మాత్రం దొరకలేదు. మా తమ్ముడు పదేళ్లు వచ్చేదాకా పక్క తడిపేవాడు. అమ్మ చాలా రోజులు మాకు వండిపెట్టి తాను తినకుండా పడుకునేది. మరి "ఎవరికీ లోటు చేయలేదు" అని మా నాన్న గురించి కూడా అన్నారు.

వ్యాసర్పాడి ఇంట్లో ఇంకో తమ్ముడు ఉన్నాడు. వాడి కథ నాకు చాలా ఏళ్ల తరువాత వాడే చెప్పాడు. ఆరేళ్లప్పుడు వాడికి టైఫాయిడ్ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి భార్య ఉండగా మరో పెళ్లి చేసుకోకూడదని ప్రవర్తనా నియమాలు చెబుతాయి. బయటపడితే ఉద్యోగానికే ముప్పు. అందుకని నాన్న వైద్య కార్డులో మా పేర్లున్నాయి, వాడి పేరు లేదు. మేము దగ్గుకు కూడా ఆసుపత్రికి వెళ్లి ఉచితంగా మందులు తెచ్చుకునేవాళ్లం. వాళ్లమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి వైద్యం చేయించింది, అదీ జ్వరం మొదలైన మూడో వారంలో. ఒకే తండ్రి పిల్లలం. మా రెండిళ్ల మధ్య నడిచి వెళ్లగలిగినంత దూరం.

ఇద్దరు భార్యలున్న ఇంట్లో పిల్లల ఆరోగ్యం పాడవుతుందా అనేది నేను చాలాకాలంగా చదువుతున్న విషయం. అవునని రాసి ఉంటుందనుకునే మొదలుపెట్టాను. మాలీ దేశంలో డోగాన్ ప్రజల మధ్య పరిశోధించిన బెవర్లీ స్ట్రాస్‌మన్, బహుభార్యా కుటుంబాల పిల్లల్లో మరణాలు ఎక్కువని చూపించారు. నా కోపానికి అది సరిపోయింది. తరువాత, 2015లో డేవిడ్ లాసన్ బృందం ఉత్తర టాంజానియాలోని 56 గ్రామాలను పరిశీలించి ప్రచురించిన ఫలితాలు చదివాను. అన్ని గ్రామాలనూ కలిపి చూస్తే బహుభార్యా కుటుంబాల పిల్లలే బలహీనంగా కనిపించారు. కానీ అలాంటి పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న గ్రామాలు అసలే పేదవి, కరువు ప్రాంతాలవి. ఒకే ఊళ్లో ఇంటినీ ఇంటినీ పోల్చి చూస్తే ఆ తేడా నిలవలేదు. తండ్రికి పశువులు, భూమి ఎక్కువగా ఉన్న ఇళ్లలో పిల్లలు ఇతరులకంటే మెరుగ్గా ఉన్న సందర్భాలూ కనిపించాయి.

దాన్ని జీర్ణించుకోవడానికి నాకు కొన్ని రోజులు పట్టింది. ఇప్పుడు నాకు అర్థమైనంతలో పిల్లవాడి ఒంటికి పట్టేది తండ్రి సంపాదనలో ఎంత వాటా చేరుతుంది, జబ్బు చేస్తే ఎవరు బాధ్యత తీసుకుంటారు, నలుగురిలో వాడిని ఎవరి బిడ్డ అంటారు అన్నవే. టాంజానియా పల్లెలో రెండో భార్య అందరికీ తెలిసిన భార్య. ఆమె పిల్లలు అందరికీ తెలిసిన పిల్లలు. మంద పెరిగితే పాలు పెరుగుతాయి. చెన్నైలో ఒక గుమాస్తా జీతం రెండో ఇల్లు పెట్టినంత మాత్రాన పెరగదు. పైగా ఆ ఇంటిని దాచాలి. ఆ దాపరికం ఖర్చు పిల్లలే కట్టారు.

దీన్ని దాచిపెట్టడం మనకు బాగా అలవాటు. మద్రాసు రాష్ట్రంలో హిందువుల రెండో పెళ్లిని నిషేధిస్తూ 1949లోనే చట్టం వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం దాదాపు దేశమంతటికీ ఆ నియమం పెట్టింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పిన వివాహితలు 1.4 శాతం. మా అమ్మను అడిగి ఉంటే లేదనే చెప్పేది. చిన్నింటివాళ్లను ఎవరు అడిగారు, వాళ్లేం చెప్పారు?

మురుగన్ పేరు ఎత్తేవాళ్లు ధ్రువుడిని కూడా తలచుకోవాలి. తండ్రి ఒడి ఎక్కబోయిన ఐదేళ్లవాడిని సవతి తల్లి సురుచి అడ్డుకుంది. ఉత్తానపాదుడు చూస్తూ కూర్చున్నాడు. మనం పిల్లవాడి తపస్సును పొగుడుతాం. నోరు విప్పని తండ్రిని ఎవరూ నిలదీయరు.

రెండో పెళ్లిని సమర్థించమని నేను అడగడం లేదు. మా అమ్మ పడ్డది చూసినదాన్ని, అది నా వల్ల కాదు. నేను అడుగుతున్నది పుట్టిన పిల్లల సంగతి. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలు కూడా సక్రమ సంతానమేనని హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి రావలసిన వాటాలో కూడా వాళ్లకు హక్కుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో భార్య బిడ్డ అన్న కారణంతో కారుణ్య నియామకం, అంటే చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే ఉద్యోగం, నిరాకరించకూడదని 2018లో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం కేసులో చెప్పింది.

నాన్న పోయినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వారసత్వ ధ్రువపత్రం దరఖాస్తులో అమ్మ, నేను, తమ్ముడు అని మూడే పేర్లు రాశారు. నాలుగో పేరు ఉండాలని నాకు తెలుసు. తెలిసే సంతకం చేశాను. వ్యాసర్పాడి తమ్ముడు ఈరోజు వరకు నన్ను ఆ మాట అడగలేదు. ఫోను చేస్తే "అక్కా, తిన్నావా" అనే మొదలుపెడతాడు.

విల్లివాక్కం వాళ్లు ఈ సోమవారం తాసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు ఇస్తున్నారట. నన్ను సాక్షి సంతకానికి పిలిచారు. వెళతాను. ఆ ఇద్దరు పిల్లల పేర్లు అందులో లేకపోతే పెన్ను ముట్టుకోను. ఎందుకో అందరి ముందూ చెబుతాను.