స్ప్రింగ్ పీకేస్తే క్లచ్ బాగుపడుతుందా?

టయోటా జీటీ86, సుబారు బీఆర్‌జెడ్ అనే స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్ల మధ్య ఒక సలహా ఏళ్లుగా చక్కర్లు కొడుతోంది: "క్లచ్ పెడల్ దగ్గరుండే హెల్పర్ స్ప్రింగ్ దండగ. పీకి పారేయండి. పెడల్ తేలికవుతుంది, బైటింగ్ పాయింట్ (క్లచ్ పట్టుకోవడం మొదలయ్యే చోటు) ఎంత కావాలంటే అంత కిందికి దించుకోవచ్చు, రేసు కారు ఫీల్ వస్తుంది. క్లచ్ ఫ్లూయిడ్ వెళ్లే గొట్టానికి స్టీల్ హోసు, అందులో డాట్ 5 ఫ్లూయిడ్ కూడా వేస్తే ఇక తిరుగుండదు." ఇందులో పావలా వంతు నిజం ఉంది. అందుకే మిగతా ముప్పావలా కూడా చెల్లిపోతోంది.

"స్ప్రింగ్ దండగ" అన్న మాట చూద్దాం. పెడల్ పైన ఉన్నంతసేపూ ఆ స్ప్రింగ్ దాన్ని పైకే తోసిపెడుతుంది. కొంత నొక్కాక స్ప్రింగ్ బలం పెడల్ ఇరుసుకు అవతలి వైపు మారుతుంది. అక్కడి నుంచి అదే స్ప్రింగ్ పెడల్‌ను కిందికి తోస్తూ కాలికి సాయం చేస్తుంది. పాతకాలం కరెంటు స్విచ్ సగం దాటగానే టక్కున అటు పడుతుందే, అదే సూత్రం. చిక్కల్లా ఎక్కడంటే, కాలు వదిలేటప్పుడు క్లచ్ పట్టుకునే చోటుకు దగ్గర్లోనే ఈ మలుపు వస్తే, కాలికి తగిలే ఒత్తిడిలో క్లచ్‌ది ఎంతో స్ప్రింగ్‌ది ఎంతో తెలియదు. ఫిర్యాదు నిజమే. కానీ ట్రాఫిక్‌లో గంటసేపు కాలు నొప్పి పుట్టకుండా కాచేది కూడా ఆ స్ప్రింగే.

మరి తీసేస్తే తేలికవుతుందా? మొదట్లో అవును, ఆ తర్వాత కాదు. పై భాగంలో అడ్డు తగ్గుతుంది, కింది భాగంలో సాయం పోయి బరువు పెరుగుతుంది. పైగా పెడల్‌ను పైకి నెట్టి ఉంచే బలం తగ్గి, అది కాస్త జారి నిలబడవచ్చు. పెడల్ పూర్తిగా పైకి రాలేదని దాని దగ్గరుండే స్విచ్ అనుకుంటే క్రూజ్ కంట్రోల్ (వేగాన్ని దానంతటదే నిలిపే ఏర్పాటు) కూడా పడదు. నన్నడిగితే మధ్యేమార్గమే మంచిది: కంపెనీ స్ప్రింగ్ బదులు అంతకన్నా మెత్తటిది వేయాలి. ఏది చేసినా కళ్లద్దాలు పెట్టుకోండి. బిగువు మీదున్న స్ప్రింగ్ మొహం మీదికి ఎగిరితే ఆ ముచ్చట వేరే ఉంటుంది.

అసలు ప్రమాదమంతా పుష్‌రాడ్ దగ్గరుంది, అంటే పెడల్ నొక్కుడును మాస్టర్ సిలిండర్‌కు (ఫ్లూయిడ్‌ను క్లచ్ వైపు తోసేది) అందించే కడ్డీ దగ్గర. రాడ్ పొట్టిగా తిప్పితే బైటింగ్ పాయింట్ కిందికి వస్తుంది, నిజమే. మరీ పొట్టి చేస్తే క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు గరగరలాడతాయి. పొడవు చేసి ఫ్రీ ప్లే (పెడల్ ఊరికే కదిలే మేర) మొత్తం తినేస్తే ఇంకా అన్యాయం. కాలు తీసినా మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ రిజర్వాయర్‌కి (ఫ్లూయిడ్ నిలవుండే డబ్బా) తిరిగి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్‌కు దారి లేక క్లచ్‌నే కొద్దిగా నొక్కి పడుతుంది. క్లచ్ డిస్క్ జారుతూ అరిగిపోతుంది. అందుకే రాడ్ పొడవు మారకుండా పట్టే లాక్‌నట్ బిగించే ముందు పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. కొన్ని మిల్లీమీటర్లు ఊరికే కదిలి, ఆ తర్వాతే అడ్డు తగలాలి.

స్టీల్ హోసు సంగతి చిన్నదే. క్లచ్ లైన్‌లో ఎక్కువ భాగం ఇనుప గొట్టమే, రబ్బరు కొంచెం. ఆ రబ్బరు పాతబడి ఉబ్బుతుంటే తేడా తెలుస్తుంది. లేకపోతే తెలిసిన తేడా కొత్త ఫ్లూయిడ్ పోసి గాలి తీసినందువల్లే అయ్యుంటుంది.

డాట్ 5 మాత్రం వద్దే వద్దు. నంబర్ పెద్దది కాబట్టి మెరుగైనదనుకుంటారు. అది సిలికాన్. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 గ్లైకాల్ రకం. రెండూ కలవవు. సిలికాన్ ఒత్తిడికి కాస్త ఎక్కువే కుంచించుకుపోతుంది, అంటే పెడల్ గట్టిపడదు సరికదా, స్పాంజిలా అవుతుంది. రిజర్వాయర్ మూత మీద రాసిన రకమే కొత్తది పోసి, బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయండి.

ఈ సలహా వెనకాల ఇంకో నమ్మకం ఉంది: పెడల్ ఎంత గట్టిగా ఉంటే అంత స్పోర్ట్ అని. సెల్ఫ్ అడ్జస్టింగ్ కాని (అరుగుదలకు తగ్గట్టు తనే సర్దుకోని) క్లచ్‌లో డిస్క్ అరిగేకొద్దీ, దాన్ని బిగించి పట్టే డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లు స్థానం మారి, పెడల్ దానంతటదే బరువెక్కుతుంది. కాబట్టి రానురాను గట్టిపడిన పెడల్‌ను చూసి మురిసిపోకండి. పెద్ద గేర్‌లో యాక్సిలరేటర్ నిండా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి, వేగం పెరగకపోతే స్ప్రింగ్ జోలికి పోకుండా క్లచ్ సెట్ ధర కనుక్కోండి.