విజిల్ వాళ్ళకి, పిన్నులు మనకి

ఇప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

పిల్లల అథ్లెటిక్స్ మీట్. టైమ్‌కీపర్ల షీట్‌లో నా పేరు ముందే ఉంది. తీరా 100 మీటర్ల ఫైనల్ ముందు కమిటీ పెద్దాయన వచ్చి, "అమ్మా, మీరు మెడల్స్ ట్రే పట్టుకుని స్టేజి మీద నిలబడండి, ఫోటోల్లో బాగుంటుంది. వాచ్ మావాడు చూసుకుంటాడు" అన్నారు. పక్కనున్న అక్క "ఊరుకో, పిల్లల ముందు గొడవెందుకు" అని చెయ్యి నొక్కింది. పిల్లల మొహం చూసే ఊరుకున్నాను.

ఆ అబ్బాయి ఏం చేశాడో తెలుసా? తుపాకీ చప్పుడు విని బటన్ నొక్కాడు. పొగ కనబడగానే నొక్కాలి. 100 మీటర్ల దూరం నుంచి చప్పుడు మన చెవిన పడేసరికి దాదాపు 0.3 సెకను అయిపోతుంది. ఆపేటప్పుడైనా మొండెం ఫినిష్ గీత చేరిందా అని చూడాలి, అతను ముందుకు పడిన కాలు చూసి ఆపేశాడు. అంటే పిల్లలందరికీ పరిగెత్తినదానికన్నా మంచి టైమ్ పడింది. రేపు ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న మీట్‌లో అసలు టైమ్ బయటపడితే ఏడ్చేది ఆ పిల్లలు. వాళ్ళకి ఎవరు సమాధానం చెబుతారు?

ప్రతిసారీ ఇదే పంపకం. రిజిస్ట్రేషన్ టేబుల్, పిల్లల చొక్కాలకి పెట్టే బిబ్ నంబర్లు, వాటికి సేఫ్టీ పిన్నులు, మోకాలు చెక్కుకుపోయిన పిల్లలకి ఫస్ట్ ఎయిడ్, అందరూ వెళ్ళాక కోన్లు ఏరడం మన ఆడవాళ్ళకి. విజిల్, వాచ్, మైకు, రిజల్ట్ షీట్ మీద సంతకం వాళ్ళకి. వాలంటీర్ టీషర్టులు కూడా మగవాళ్ళ సైజుల్లోనే తెప్పిస్తారు, అదో గోల.

అసలు వీళ్ళతో నా గొడవ ఈ మీట్‌తో మొదలైంది కాదు. కమిటీ మీటింగులో మినిట్స్ రాయమని పుస్తకం ఎప్పుడూ నా ముందుకే తోస్తారు. రాస్తూ ఉంటే మాట్లాడే సందు ఎక్కడ దొరుకుతుంది? ఆడపిల్లలకి బట్టలు మార్చుకునే గది కావాలని నేనన్న మాట మాత్రం మినిట్స్‌లోంచి కొట్టేయించారు. "చిన్న విషయం, ఎందుకు రాయడం" అట. ఆ పిల్లలు గోడ చాటున తువ్వాలు అడ్డం పెట్టుకుని మార్చుకుంటుంటే కాపలా నిలబడేది మనం. ఎంత చిన్న విషయమో మనల్ని అడగాలి.

పెద్ద చోట్లా ఇదే బుద్ధి. 1894లో పుట్టిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలోకి ఆడవాళ్ళు సభ్యులుగా వచ్చింది 1981లో. 2021 ఫిబ్రవరిలో టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక కమిటీ అధ్యక్షుడు యోషిరో మోరి, ఆడవాళ్ళు ఎక్కువగా ఉంటే మీటింగులు సాగుతాయన్నాడు. వందల మంది వాలంటీర్లు మేం రామని తప్పుకున్నారు. ఆయన కుర్చీ దిగాల్సి వచ్చింది, ఆ కుర్చీలోకి సెయికో హషిమొతో అనే ఆవిడ వచ్చింది. ఆ వాలంటీర్లంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

అందుకే మన గ్రూపులో పెట్టేశాను. వచ్చే మీట్‌కి టైమ్‌కీపర్ల షీట్‌లో, తుపాకీ పేల్చే స్టార్టర్ పక్కన, జడ్జీల్లో మన పేర్లు ఉండాలి. షీట్ ముందు రోజే అందరికీ పంపాలి, గ్రౌండ్‌లో మార్చడానికి వీల్లేదు. గది సంగతి మినిట్స్‌లోకి ఎక్కాలి, ఈసారి వాటిని వేరేవాళ్ళు రాయాలి. ఒప్పుకుంటే తెల్లారేసరికి అందరం గ్రౌండ్‌లో ఉంటాం. లేదంటే బిబ్ నంబర్లు వాళ్ళే పంచుకోవాలి.