మహారాజశ్రీ కొత్త గది తలుపు గారికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కులాసాగా ఉన్నారని నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా లోపలి వైపు నుంచి స్వయంగా చూశాను. కాస్త ఒళ్లు కూడా చేశారు.

వియ్యంకుడు గారు తొలిసారి మా ఇంటికొచ్చి వసారాలో కూర్చుంటే, నేను లోపల నుంచి "ఇదిగో వచ్చేస్తున్నా బావగారూ" అని మూడున్నర గంటలు అన్నాను. గట్టిగా లాగితే గడియ మేకులతో సహా చేతికొచ్చింది. చివరికి ఆయనే భుజం పెట్టి తోశారు. ఇస్త్రీ చొక్కా భుజమంతా మీ పాలిష్.

మట్టి గోడలు శ్లాబు బరువు మోయవన్నారనే కదా, పెరటి వసారాని చెక్కతో గదిగా మార్చి, పైన అటక వేసి, మిమ్మల్ని రాజమండ్రి నుంచి లారీలో తెచ్చుకున్నాం? మాఘంలో ద్వారబంధం ఎత్తిన రోజు పసుపు రాసి, మామిడాకులు కట్టి, హారతిచ్చాం. నా పెళ్లిలో నాకంత మర్యాద జరగలేదు.

కలప అడితి ఆయన "ఐదేళ్లు ఆరిన చేవండీ" అన్నాడు. నీడపట్టున అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత వడ్రంగుల లెక్క. రెండంగుళాల చెక్కకి ఐదేళ్లంటే ఇంకేం, మురిసిపోయాను. చిత్రిక పడుతుంటే పొట్టు చల్లగా, మెత్తగా చేతికి అంటుకుంది. అప్పుడైనా బుర్ర పనిచేయలేదు. ఐదేళ్లా! ఐదు నెలల క్రితం నీ మీద పిట్టలు కూర్చుని ఉంటాయి! అంచున బెత్తెడు చేవలేని తెల్లచెక్క, దాన్ని కప్పడానికి ముదురు రంగు పాలిష్. సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) లెక్కలో పగుళ్లకి కూడా డబ్బులు తీసుకున్నారు, అది పోనీ.

ఎండలు ముదిరేసరికి నువ్వు మా ఇంట్లో ఆరడం మొదలెట్టావు. వేలు దూరే సందు. బల్లులు దర్జాగా వచ్చిపోయేవి. వడ్రంగి ఆ సందుకి ఓ బద్ద కొట్టి "అయిపోయిందండీ" అన్నాడు. శ్రావణం వానలు పట్టగానే, బద్దతో సహా ఉబ్బి బిగుసుకున్నావు. ఉబ్బడం కూడా అడ్డంగానే, పొడుగున వీసమెత్తు కదలవు. వడ్రంగి రేపొస్తానన్నాడు. అతని రేపుల గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

వీధి తలుపు కూడా చెక్కేనయ్యా! తాతగారు పెట్టించింది. 1996 తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. రాత్రంతా తడిసిన ఆ తలుపు తెల్లారి మా నాయనమ్మ ఒంటిచేత్తో తోస్తే తెరుచుకుంది. నీకు నాలుగు జల్లులకే ఇంత పొగరా?

బద్ద పీకిస్తే వేసవిలో మళ్లీ బల్లులు. ఉంచితే నేను లోపల. వాన వెలిశాక గదంతా నీ వాసన కమ్మగా ఉంటుంది, అది మాత్రం కాదనను. ప్రస్తుతానికి మా ఆవిడ గదిలో ఓ మరచెంబు నీళ్లు, విసనకర్ర, జంతికల డబ్బా పెట్టింది.

ఇట్లు,
గడియ చేత పట్టుకున్న నీ యజమాని