ఎక్స్ఛేంజ్‌కి వెళ్లొచ్చిన పిల్లల్ని మన కాలేజీలు ఎందుకు శిక్షిస్తున్నాయి?

విదేశీ చదువు అనగానే మన ఇళ్లలో ఒకటే దారి కనిపిస్తుంది. బీటెక్, జీఆర్‌ఈ, కన్సల్టెన్సీ, బ్యాంకు లోను, అమెరికాలో ఎమ్మెస్. అమీర్‌పేటలో ఏ బోర్డు చూసినా అదే. కాలేజీ తరఫునే ఒక సెమిస్టర్ బయటి దేశంలో చదివి రావచ్చన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఎవరూ చెప్పరు కూడా, ఎందుకంటే అందులో ఎవరికీ కమీషన్ రాదు.

నేను అలాంటి ఒక చిన్న ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో జర్మనీలోని ట్యూబింగెన్ వెళ్లాను. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతూ. నెకర్ నది ఒడ్డున, దాదాపు 90 వేల జనాభా ఉన్న ఊరు. యూనివర్సిటీ మాత్రం 1477లో పెట్టింది. ఆ ఊరున్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటి నుంచి వచ్చే విద్యార్థులు సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు కట్టాలి, ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవాళ్లకు అది ఉండదు. ఇక్కడ కట్టే ఫీజే అక్కడా చెల్లుతుంది. వీసా, టికెట్, రూము, తిండి ఖర్చులు మనవే. అవి తక్కువేం కాదు, మా నాన్న ఎలా సర్దారో నాకు తెలుసు. అందుకే ఈ పోస్ట్ ఇంత కోపంగా రాస్తున్నాను.

మా బ్యాచ్‌లో పదిమంది కూడా లేరు. తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. మొదట్లో టెన్షన్‌గా అనిపించినా నాకు మేలు చేసింది అదే. మనవాళ్లు గుంపుగా ఉండుంటే నేను వాళ్లతోనే వండుకుని, వాళ్లతోనే తిరిగి, వచ్చేసేదాన్ని. అక్కడ ల్యాబ్‌లో డౌటొస్తే పక్కనున్న జర్మన్ అమ్మాయినే అడగాలి, టౌన్‌హాల్‌లో అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి నేనే మాట్లాడుకోవాలి.

మొదటి సెమినార్ నాకింకా కళ్ల ముందే ఉంది. ప్రొఫెసర్ గారు ఒక రీసెర్చ్ పేపర్ ముందుగానే పంపారు. క్లాసులో స్క్రీన్ మీద దాంట్లోని ఒక గ్రాఫ్ పెట్టి, 'ఇది నమ్మొచ్చా?' అని అడిగారు, అంతే. అచ్చయిన పేపర్‌ని నమ్మొచ్చా అని నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఒకబ్బాయి ప్రయోగంలో పోల్చి చూడటానికి పెట్టే కంట్రోల్ సరిగ్గా లేదన్నాడు, ఇంకో అమ్మాయి కాదు ఉందని వాదించింది. ప్రొఫెసర్ గారు మధ్యలో ఒకచోట 'ఇది నాకూ తెలియదు, చూసి చెప్తాను' అన్నారు. మరుసటి వారం నిజంగానే చూసి వచ్చి చెప్పారు. క్లాసు అయిపోగానే అందరూ చప్పట్లకు బదులు బల్ల మీద వేళ్లతో తట్టారు. ఆరేడుగురు కూర్చున్న క్లాసు కాబట్టే నా నోరు కూడా పెగిలింది.

ఇంకోటి చెప్పాలి. ఊళ్లో కొండ మీద పాత కోట ఉంది. 1869లో పాతికేళ్లు కూడా నిండని ఫ్రెడరిక్ మీషర్, ఆ కోట వంటగదిలో పెట్టిన ల్యాబ్‌లోనే, ఆసుపత్రి నుంచి తెచ్చిన కట్లకు అంటిన చీములోని కణాల నుంచి ఒక కొత్త పదార్థాన్ని వేరు చేశాడు. దానికి న్యూక్లీన్ అని పేరు పెట్టాడు. మనం ఇవాళ డీఎన్‌ఏ అంటున్నది అదే. ఆ గది ఇప్పుడు మ్యూజియం. ఇంటర్ నుంచి డీఎన్‌ఏ నిర్మాణాన్ని బట్టీ కొట్టిన నాకు, దాన్ని మొదట పట్టుకున్నది ఇంత చిన్న రాతి గదిలోనని తెలిసి ఒళ్లు పులకరించింది. చాలాసేపు కదల్లేదు.

ఇక తిరిగొచ్చాక నా బాధ వినండి. అక్కడి మార్కుల షీట్ తీసుకుని మా ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లాను. జర్మనీలో 1.0 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 అంటే గట్టెక్కినట్టు. నాకొక సబ్జెక్టులో 1.3 వచ్చింది. కౌంటర్‌లో సార్ దాన్ని చూసి, 'పదికి 1.3 ఏంటమ్మా, ఫెయిలయ్యావా?' అన్నారు. ఆయన్ని అనను, ఆయనకెవరూ చెప్పలేదు. కానీ చెప్పాల్సినవాళ్ల దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాను. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎగ్జామ్ బ్రాంచ్ మీదికి, వాళ్లు కమిటీ మీదికి నెట్టారు. చివరికి 'సిలబస్ మ్యాచ్ కాలేదు' అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకున్నారు. ఆ సెమిస్టర్ సబ్జెక్టులు మళ్లీ ఇక్కడ రాయాల్సి వచ్చింది. నా మెమోలో అవి సప్లీల్లాగే కనిపిస్తాయి. రేపు ఇంటర్వ్యూలో అడిగితే నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి.

పంపింది వాళ్లే. ఫొటో తీసి బ్రోషర్‌లో వేసుకుంది వాళ్లే. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ టీం వస్తే ఇంటర్నేషనల్ ఎక్స్‌పోజర్ అని చూపించుకునేదీ వాళ్లే. మరి ఆ చదువుకు లెక్క మాత్రం లేదా?

2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది, విదేశీ యూనివర్సిటీల్లో సంపాదించిన క్రెడిట్లను ఇక్కడి డిగ్రీకి కలపవచ్చని. సంస్థ అవసరాన్ని బట్టి అని కూడా రాశారు. ఆ ఒక్క మాటను పట్టుకునే కాలేజీలు తప్పించుకుంటున్నాయి. యూరప్‌లో 1987 నుంచి విద్యార్థుల్ని వేరే దేశాల్లో చదవడానికి పంపే ఎరాస్మస్ ప్రోగ్రాం నడుస్తోంది. అందులో పిల్లలు బయల్దేరకముందే లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం రాసుకుంటారు. అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతారో, సొంత కాలేజీలో అవి వేటి కింద జమ అవుతాయో రాసి, విద్యార్థి, పంపే కాలేజీ, తీసుకునే కాలేజీ ముగ్గురూ సంతకం చేస్తారు. కొత్త చట్టాలు, నిధులు ఏమీ అక్కర్లేని పని ఇది. మన డీన్ గారు ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది.

జూనియర్లు రోజూ మెసేజ్‌లు పెడుతున్నారు, వెళ్లమంటారా అక్కా అని. తప్పకుండా వెళ్లండి. కానీ టికెట్ బుక్ చేసేముందు సబ్జెక్టుల పేర్లు, క్రెడిట్లు, గ్రేడు ఎలా మారుస్తారో అన్నీ రాయించి, హెచ్‌ఓడీ సంతకం, ఎగ్జామ్ బ్రాంచ్ ముద్ర వేయించుకోండి. నోటిమాటకు ఒప్పుకోకండి. రాసివ్వం అని వాళ్లంటే ఒక్కరే కాకుండా బ్యాచ్ అంతా కలిసి వెళ్లి అడగండి, మీతో నేనూ వస్తాను.